ఐదున్నర శ్రుతి

మా అక్క నలభై ఒక్క ఏళ్ళు చర్చిలో పాటలు ఎత్తుకుంది. అందులో చివరి పది నెలలు నేను ఆమెను మోసం చేశాను. ఈ రెండో మాట ముందే చెప్పేస్తున్నాను. ఆమె గురించి మంచి మంచి మాటలు రాసుకుంటూ పోయి, చివర్లో దీన్ని మెల్లగా జారవిడిచే తెలివి నాకు వద్దు. ఉన్న తెలివితో చేసిన నిర్వాకం చాలు.

మా ఇద్దరిదీ ఒకే కార్ఖానా. చొక్కాలు కుట్టే చోటు. అక్కది కాలర్ల వరస. రెండు గుడ్డముక్కల మధ్య బక్రం అనే బిరుసు గుడ్డ పెట్టి కుట్టడం, తిరగేయడం, పుల్లతో మొనలు పైకి పొడవడం, మళ్ళీ పైన కుట్టు వెయ్యడం. రోజంతా అంతే. నేను మెషిన్ల మెకానిక్‌ని. నూట ఇరవై మెషిన్లు ఒక్కసారిగా తిరుగుతుంటే ఎవరి మాట ఎవరికీ వినపడదు, కానీ మూడు వరసల అవతల ఒక మర వదులైతే నాకు తెలిసిపోతుంది. "మన మెకానిక్ చెవి ముందు డాక్టరు గొట్టం కూడా దండగే" అనేవాడు సూపర్‌వైజరు. నేను పొంగిపోయేవాణ్ణి. ఆ చెవి చేసిన ఘనకార్యం తర్వాత చెప్తాను.

ఆ రొద అక్కకు మహా ఇష్టం. ఎవరికీ వినపడదు కాబట్టి ఆదివారం పాటలన్నీ అక్కడే సాధన చేసుకునేది. చేతులు కాలర్ తిప్పుతుంటే పెదాలు చరణం తిప్పేవి. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుకు అనుమానం వచ్చి, టీ వేళ మెషిన్లు ఆగినప్పుడు అడిగాడు.

"ఏంటమ్మా, ఎవర్ని తిడుతున్నావ్?"

"తిట్టడం లేదు సార్. పొగుడుతున్నా."

"ఎవర్ని, నన్నా?"

"మీకంటే పైవాణ్ణి సార్."

అతను మేనేజరు గదివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ మాట కార్ఖానా అంతా పాకింది. అప్పటి నుంచి అందరూ ఆమెను పాటలక్క అనే పిలిచారు.

ఆమెకు పదిహేడేళ్ళప్పుడు, నాకు పన్నెండు, చర్చిలో పాటలు ఎత్తుకునే పెద్దాయన ఒక ఆదివారం మూడో చరణం మధ్యలో ఆయాసం వచ్చి కూర్చుండిపోయాడు. హార్మోనియం వాయిస్తున్న మా నాన్న చేతులు ఆగిపోయాయి. చర్చి అంతా బిక్కమొహం వేసుకుని చూస్తోంది. ఆయన ఏ మాట దగ్గర ఆపాడో సరిగ్గా ఆ మాట దగ్గరే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు అందుకుంది. ఎవరా అని తల తిప్పి చూస్తే మా అక్క. ఇంట్లో నన్ను తిట్టే గొంతే అది. కానీ అది అంత ఎత్తు వెళ్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం నాన్నతో అంది, "నాన్నా, ఈ గొంతు ఇక నాది కాదు. ఇచ్చేశాను."

నాన్న హార్మోనియం తుడుస్తూ, తల ఎత్తకుండా, "ఎవరికిచ్చావే?" అన్నాడు, పక్కింటివాళ్ళకు గిన్నె ఇచ్చినంత మామూలుగా.

"దేవుడికి."

నేను పకపకా నవ్వాను. నాన్న నా నెత్తిమీద ఒకటిచ్చాడు. ఆయన పోయాక, పదహారేళ్ళకే ఆ హార్మోనియం ముందు నేను కూర్చున్నాను. అక్క ముందు, నేను వెనక. ముప్పై ఏడేళ్ళు అలాగే గడిచాయి.

పెళ్ళి మాట ఒకటి రాకపోలేదు. వచ్చినతను ఆఫీసులో గుమాస్తా, నెమ్మదస్తుడు. "పాటలు పాడుకో, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆదివారాలే. వాళ్ళకు బాగాలేదు, వీళ్ళు పోయారు అని ఇళ్ళమ్మట తిరగొద్దు" అన్నాడు. అక్క అతని మొహంలోకి చూసి, "జనానికి ఆదివారాలే జబ్బు చేస్తుందాండీ?" అంది. అంతే, మేమిచ్చిన కాఫీ కూడా పూర్తిగా తాగకుండా అతను లేచాడు.

ఇళ్ళమ్మట తిరగడమే ఆమె అసలు పని. మంచం పట్టినవాళ్ళ దగ్గర, బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర, ఆపరేషన్‌కు వెళ్ళబోయేవాళ్ళ దగ్గర. కార్ఖానా నుంచి వచ్చి, మొహం కడుక్కుని, పాటల పుస్తకం సంచిలో వేసుకుని బయలుదేరేది. మంచం పక్కన కుర్చీ కూడా అడిగేది కాదు. నిలబడి, రోగి చెయ్యి పట్టుకుని, రోగి ఊపిరి ఎంత మెల్లగా ఉంటే పాట అంత మెల్లగా పాడేది. వాళ్ళ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ముట్టేది కాదు. ఆమెకు కాళ్ళు వాచిపోయి కుర్చీలో కూలబడ్డ రోజులు నేను చూశాను. మా ఆవిడ వేడినీళ్ళ బకెట్టు తెచ్చి కాళ్ళ ముందు పెట్టేది. "దేవుడికి గొంతే కదా వదినా ఇచ్చింది, కాళ్ళు మీవే కదా, వాటిమీదైనా జాలి చూపించండి" అనేది. అక్క నవ్వేది. మా ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. ముందుగది అక్కది. ఆమె పాట వినకుండా మా ఇంట్లో అన్నం ఉడికింది లేదు.

నాకూ దేవుడంటే భయం ఉంది. కానీ అక్కకు ఉన్నంత చనువు లేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని అర్థం కాదు. పాడేటప్పుడు అక్క జనం వైపు తిరిగి నిలబడేది, నేను ఆమె వెనక. నేను హార్మోనియం మీద శ్రుతి పట్టి ఉంచితే ఆమె దాన్ని చెవితో అందుకుని పాట ఎత్తుకునేది. ఆమెది ఐదున్నర శ్రుతి. ఆ నల్ల మెట్టు మీద నా వేలు అరిగిన గుర్తు కూడా ఉంది. ముప్పై ఏడేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నా వేళ్ళు ఎక్కడున్నాయో చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? తమ్ముణ్ణి కదా.

ఇంకొకటి, కిటికీ అద్దం. ఆడవాళ్ళ వైపు మూడో కిటికీలో పైఅద్దం చుట్టూ లప్పం రాలిపోయి వదులుగా ఉండేది. 'చెయ్యి విడవకు' అని దేవుణ్ణి వేడుకునే పాట ఒకటుంది. దాని నాలుగో చరణంలో అక్క గొంతు అన్నిటికంటే పైకి వెళ్ళే చోట ఆ అద్దం జుమ్మని మోగేది. ఒకసారి నేను లప్పం పట్టుకెళ్ళి బిగిస్తానంటే అక్క ఆపింది. "ఉండనీరా, పాపం అదీ పాడుకుంటోంది" అంది.

సరే, అసలు సంగతికి వస్తాను. చేతులు రావడం లేదు గానీ వస్తాను.

ఒక శనివారం సాధనలో అక్క గొంతు సవరించుకుని, "తమ్ముడూ, ఈ వారం ఒక్క మెట్టు దించరా, గొంతు బొంగురుగా ఉంది" అంది. దించాను. ఐదు శ్రుతి. రెండు వారాలు అలా గడిచాయి. మూడో శనివారం ఆమె మొహం వెలిగిపోతూ వచ్చింది. వారమంతా ఉపవాసం ఉండి ప్రార్థన చేసిందట. "మళ్ళీ మన శ్రుతికి పెట్టెయ్" అంది. పెట్టాను. నాలుగో చరణంలో ఆ పైచోటికి వెళ్ళేసరికి గొంతు గుడ్డ చిరిగినట్టు చిరిగింది. మూడు వరసల అవతల మర వదులైతే తెలిసే చెవి నాది. అది అలసటతో వచ్చిన బొంగురు కాదని నాకు అప్పుడే తెలిసింది. లోపల ఏదో చెడిందని తెలిసింది. తెలిసి ఏం చేశాను? అక్క "రేపటికి సర్దుకుంటుందిలే" అంది. నేను "సర్దుకుంటుంది" అన్నాను.

ఆదివారం జనం ముందు ఆ గొంతు పగలడం నేను చూడలేననుకున్నాను. ఆమె వెనక కూర్చుని, ఐదున్నర అని చెప్పి, వేలు ఐదు మీద పెట్టాను.

అక్క పాడింది. ఎక్కడా పగలలేదు. ప్రార్థన అయ్యాక నా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "చూశావా తమ్ముడూ! పైకి పెట్టినా అందింది! దేవుడు నా గొంతు నాకు మళ్ళీ ఇచ్చాడురా!"

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. అంత సంతోషంగా ఉన్న మనిషి మొహం మీద నీళ్ళు ఎలా కొట్టడం అనుకున్నాను. వచ్చే వారం చెప్దాంలే అనుకున్నాను. వచ్చే వారం ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. "నా గొంతు పోతుందనుకున్నాను. అడిగాను. ఆయన బాగుచేశాడు" అంది. పాస్టరుగారు అందరిచేతా స్తోత్రం చెప్పించారు. హార్మోనియం వెనక కూర్చుని నేను కూడా చెప్పాను. ఆ స్తోత్రం ఇప్పటికీ నా నాలుక మీద చేదుగానే ఉంది.

ఆ తర్వాత దిగడమే. గొంతు ఎక్కడ ఇబ్బంది పడుతోందో నాకు ముందే వినిపించేది. వినిపించగానే ఇంకో మెట్టు దిగేవాణ్ణి. నాలుగున్నర. రెండు నెలలకు నాలుగు. తర్వాత మూడు. పదో నెలకు రెండున్నర. ఒకేసారి దించితే ఎవరికైనా తెలుస్తుంది. మెల్లగా దించితే ఎవరికీ తెలియదు. తెలియకపోగా జనం సంతోషించారు. మగవాళ్ళ వరసలోని ఒక ముసలాయన, "ఈమధ్య పాటలు మాక్కూడా అందుతున్నాయమ్మా, హాయిగా ఉంది" అన్నాడు. అక్క మురిసిపోయింది.

మాట్లాడేటప్పుడు మాత్రం గొంతు రోజురోజుకూ గరగరలాడేది. అదేంటక్కా అంటే, "మాట్లాడే గొంతు నాదిరా, వయసొచ్చింది, గుడ్డల దుమ్ము పట్టింది. పాడే గొంతు ఆయనది. ఆయనది బాగుంది, అది చాలు" అనేది. ఆమె ఆసుపత్రికి వెళ్ళకుండా ఆపింది ఆ నమ్మకం. ఆ నమ్మకాన్ని నెలనెలా ఒక్కో మెట్టు దించి నిలబెట్టింది నేను.

సంగీతం ముక్క కూడా రాని మా ఆవిడ ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది, "ఏమండీ, ఈమధ్య చర్చిలో అద్దం మోగడం లేదేంటి?"

"ఎవరో బిగించి ఉంటారు, నీకెందుకు?" అని కసిరాను. కంచం పక్కకు జరిపాను. ఆమె నా మొహంలోకి చూసి గరిటె పక్కన పెట్టింది.

పదకొండో నెలలో అక్క దగ్గితే రుమాలు మీద రక్తం పడింది. రుమాలు ఉతకడానికి తీసుకున్న మా ఆవిడ ఎవర్నీ అడగలేదు. "పదండి వదినా, చెప్పులు వేసుకోండి" అని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది. వెనకాల నేను.

డాక్టరు నడివయసు ఆవిడ, ఒక మాట ఎక్కువ మాట్లాడదు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. కాన్సర్. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మెడ కింద చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడి నుంచే. తీస్తే బతుకుతుంది. తియ్యకపోతే ఏడాది కష్టం.

"మాట వస్తుందాండీ?" అంది మా ఆవిడ.

"నేర్చుకుంటే తర్వాత ఏదో ఒక రకంగా వస్తుంది."

"పాట?" అంది అక్క.

డాక్టరు తల అడ్డంగా ఊపింది. కాగితాలు చూస్తూ, "బొంగురు ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది.

"పదకొండు నెలలైంది" అన్నాను.

"పదకొండు నెలలా? మూడు వారాలకు మించి గొంతు బొంగురుపోతే రావాలని తెలీదా మీకు? అప్పుడే వచ్చుంటే రేడియేషన్ కరెంటు పెట్టి, గొంతు గొంతులాగే ఉంచేదాన్ని కదయ్యా!"

అక్క నెమ్మదిగా, ఆ గరగర గొంతుతోనే అంది, "మధ్యలో దేవుడు బాగుచేశాడు డాక్టరుగారూ. పది నెలలు చక్కగా పాడాను. ఒకసారి బాగుచేసినవాడు రెండోసారి చెయ్యడా? ఈ గొంతు ఆయనకు ఇచ్చేశాను. ఆయన సొత్తును మీచేత కోయించే హక్కు నాకు లేదు."

డాక్టరు నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను. వచ్చే గురువారానికి మంచం ఖాళీ ఉంచుతానని, నెల దాటితే తాను కూడా చెయ్యగలిగింది ఉండదని చెప్పి లేచింది.

ఆ వారమంతా మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. మా ఆవిడ బతిమాలింది, తిట్టింది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. కార్ఖానా ఆడవాళ్ళు గుంపుగా వచ్చి చెప్పారు. చివరికి పాస్టరుగారు వచ్చి, "అమ్మా, డాక్టర్లను పెట్టింది కూడా దేవుడే" అన్నారు.

"మీరే కదండీ నా సాక్ష్యానికి అందరిచేతా స్తోత్రం చెప్పించింది? అప్పుడు నిజమైంది ఇప్పుడు కాకుండా పోయిందా?" అంది అక్క. ఆయన దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వెళ్ళిపోయారు.

జవాబు నా దగ్గర ఉంది. ఈ లోకంలో నా ఒక్కడి దగ్గరే ఉంది. చెప్తే ఆమె జీవితంలో అడిగి పొందిన ఒకే ఒక్క అద్భుతాన్ని నేను నా చేత్తో చంపెయ్యాలి. చెప్పకపోతే ఆమె చచ్చిపోతుంది. దొడ్లో నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని మా ఆవిడకు మొత్తం చెప్పేశాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరే చెప్పాలి" అంది. "నేను చెప్తే వదిన నమ్మదు."

"చెప్తే దేవుడి మీద నమ్మకం పోతుందేమోనే."

"ఆ సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆయన పని మీరు చెయ్యబోయింది చాలు. మీరు చెయ్యాల్సింది నిజం చెప్పడం. పోయి చెప్పండి."

మర్నాడు కార్ఖానాలో చెప్దామనుకున్నాను. పిరికివాడి ఆలోచనలు ఇలాగే ఉంటాయి. సూది బిగించే నెపంతో అక్క మెషిన్ పక్కన వంగి, ఆ రొదలో, "అక్కా, నేను శ్రుతి దించాను" అన్నాను. "వినపడలేదురా, సాయంత్రం చెప్పు" అని ఆమె కాలర్ తిప్పుకుంది. చెప్పేశాను కదా అని ఒక్క క్షణం నా మనసు తేలికపడింది. అలాంటివాణ్ణి నేను.

శనివారం సాధనకు చర్చిలో మేమిద్దరమే. అక్క పాటల పుస్తకం తెరిచి, "గొంతు ఎలా ఉన్నా రేపు పాడతాను. పెట్టు" అంది. నేను హార్మోనియం తియ్యలేదు. నేలమీద కూర్చుని మొత్తం చెప్పాను. ఏ వారం ఏ మెట్టో కూడా చెప్పాను. అవన్నీ నాకు కంఠతా వచ్చు.

అక్క నమ్మలేదు. "నన్ను ఆపరేషన్‌కు ఒప్పించడానికి ఈ కథ అల్లావా?" అంది. "నా మరదలు నేర్పిందా?"

"అద్దం ఎందుకు మోగడం లేదో ఆలోచించు అక్కా."

"దాన్ని ఎవరో బిగించారు."

"ఎవరు?"

ఆమె లేచి మూడో కిటికీ దగ్గరకు వెళ్ళింది. బెంచీ ఎక్కి పైఅద్దం మీద వేలు పెట్టి నొక్కింది. అది చట్రంలో టకటకమని కదిలింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కదిలింది. బెంచీ దిగి హార్మోనియం దగ్గరకు వచ్చింది.

"ఐదున్నర పెట్టు" అంది. పెట్టాను. నాలుగో చరణం ఎత్తుకుంది. పైకి ఎక్కబోయి, ఎక్కలేక, గొంతు నాలుగు ముక్కలైంది. దగ్గు వచ్చింది. రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు పెట్టేది పెట్టు." రెండున్నర పట్టాను. అదే చరణం చివరిదాకా పాడింది. చక్కగా ఉంది. ఆ చక్కదనం వింటుంటే నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఇదా నేను బాగుపడటం?" అంది. రుమాలు మడుచుకుంటూ, "ఎందుకు చేశావురా?"

"నలుగురిలో నీ గొంతు పగిలితే చూడలేక."

"పగిలితే ఆ నలుగురూ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు కదరా, పిచ్చి వెధవా" అంది అక్క. అరవలేదు. ఆ మాట అని, పాటల పుస్తకం సంచిలో పెట్టుకుని, ఇంటికి ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది.

ఆదివారం నేను వెళ్ళనన్నాను. మా ఆవిడ హార్మోనియం పెట్టె నా చేతికిచ్చి తలుపు తీసి నిలబడింది. అక్క అప్పటికే చర్చిలో ఉంది. పాటలకు ముందు జనం వైపు తిరిగి మాట్లాడింది.

"నా గొంతు బాగుపడిందని ఇక్కడే నిలబడి చెప్పాను. అది నిజం కాదు. శ్రుతి తగ్గింది, నేను చూసుకోలేదు. దేవుడు చెయ్యనిది చేశాడని ఆయన మీద లేని మాట చెప్పాను. మీరూ, ఆయనా నన్ను క్షమించాలి. గురువారం నాకు ఆపరేషన్."

నా పేరు ఎత్తలేదు. జనానికి సగం అర్థమైంది, సగం కాలేదు. ముందు వరసలో ముసలాయన అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, పక్కవాళ్ళు చూసేసరికి నాలుక కరుచుకున్నాడు. అక్క వెనక్కి తిరగకుండానే, అందరికీ వినపడేలా, "రెండున్నర" అంది. పట్టాను. 'చెయ్యి విడవకు' పాట మొదటి నుంచి చివరిదాకా, ఏ చరణమూ వదలకుండా పాడింది. జనం ఆమెతో పాడడం ఎప్పుడో మానేశారు. ఏడుస్తున్నారు. ఆమె ఏడవలేదు. చివరి మాటను ఎంతసేపు పట్టి ఉంచగలదో అంతసేపూ పట్టి ఉంచి, ఊపిరి అయిపోయాక ఆపింది. నా చెవి బతికినంతకాలం ఆ చివరి మాటను వదలదు.

ఆపరేషన్ జరిగింది. అక్క బతికింది. డాక్టరు వచ్చినప్పుడల్లా గడ్డ మొత్తం పోయిందని చెప్పేది. నేను దండం పెట్టేవాణ్ణి. ఇంటికొచ్చాక అక్క తన మెడ కింద రంధ్రం మీద కప్పుకోవడానికి తెల్లగుడ్డతో తనే కాలర్లు కుట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళు ఎవరెవరి మెడలకో కుట్టిన చెయ్యి. వాటికి మాత్రం బక్రం వెయ్యలేదు, ఊపిరి ఆడాలి కదా.

ఆమె ఇప్పుడు రాసి చూపిస్తుంది. కొత్త చొక్కా మడతలో పెట్టే అట్టలు సంచిలో ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. మా ఆవిడకు రాసేది, పాస్టరుగారికి రాసేది, డాక్టరుకు రాసేది. మాట నేర్పేవాళ్ళ దగ్గరకు వెళ్దామంటే, "పాట రాదుగా, తొందరేముంది" అని రాసింది. ఆరు వారాలపాటు నాకు ఒక్క అట్ట కూడా ఇవ్వలేదు. నేను ఆమె ముందుగదిలో నీళ్ళు పెట్టి వస్తే తాగేది, అంతే.

ఏడో వారం తట్టుకోలేక ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. "అక్కా, నన్ను క్షమించావా?"

అట్ట, పెన్సిలు తీసుకుంది. రాసింది: "నిన్ను క్షమించే మనసు ఇమ్మని రోజూ అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు. వచ్చిందని మళ్ళీ అబద్ధం చెప్పలేను." నేను చదివి తల వంచుకున్నాను. ఆమె అట్ట నా చేతిలోంచి లాక్కుని, తిరగేసి, ఇంకో ముక్క రాసింది: "వాయించడం మానకు."

మూడు నెలలకు అక్క మళ్ళీ పనిలోకి వచ్చింది. అదే వరస, అదే మెషిన్. నేను దూరం నుంచి చూశాను. చేతులు కాలర్ తిప్పుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి. నూట ఇరవై మెషిన్ల రొదలో ఆమె పాట ముందూ వినపడేది కాదు, ఇప్పుడూ వినపడదు. ఆ హాల్లో ఏమీ మారలేదు. నేను మరుగుదొడ్డిలోకి వెళ్ళి, నీళ్ళ పంపు తిప్పి ఏడ్చాను.

చర్చిలో మాత్రం పాట ఎత్తుకునేవాళ్ళు లేరు. ఆపరేషన్ తర్వాత ఆమె మొదటిసారి వచ్చిన ఆదివారం పాస్టరుగారు పాట నంబరు చెప్పారు. నేను ఏదో ఒక మధ్య శ్రుతి, జనానికి అందేది, నాలుగు మీద వేలు పెట్టాను. ఎవరూ ఎత్తుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. అలవాటుగా ముందు నిలబడుతుందేమో అనుకున్నాను. ఆమె అక్కడ ఆగలేదు. హార్మోనియం చుట్టూ తిరిగి నా వెనక్కి వచ్చింది. వంగి, నా వేలు పట్టుకుని, నాలుగు మీద నుంచి ఎత్తి, ఐదున్నర మీద పెట్టింది.

నేనే ఎత్తుకోవాల్సి వచ్చింది. నా గొంతు సంగతి నాకు తెలుసు. రెండు లైన్లు పోగానే జనం కలిశారు. పై చరణాల్లో మగవాళ్ళు కిందికి దిగిపోయారు, ఆడవాళ్ళు మధ్యలో ఆపేశారు. ఆ పైచోటికి ఎవరి గొంతూ వెళ్ళలేదు. కిటికీ అద్దం మోగలేదు. నా మెడ వెనక, గుడ్డ కాలర్ చాటు నుంచి, ఆమె ఊపిరి మాత్రం పాట నడకలోనే వస్తూ పోతూ ఉంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆమె నా వెనకే నిలబడుతుంది. ముప్పై ఏడేళ్ళు నా వేళ్ళవైపు తిరిగి చూడని మనిషి, ప్రతి పాటకూ ముందు వంగి, నేను ఏ మెట్టు మీద వేలు పెట్టానో చూస్తుంది. చూసుకున్నాకే కానివ్వమని తల ఊపుతుంది.